హెరాల్డ్ బేరానికి మ్యాగజైన్ పట్టుకెళ్తే: అపోహలు - వాస్తవాలు

పాత కార్లు బాగుచేసే షెడ్డు నాది. బేరాలకు నన్ను వెంటబెట్టుకుపోతుంటారు. ఈమధ్య ఒక సారు ట్రయంఫ్ హెరాల్డ్ అనే పాత ఇంగ్లండు కారు మీద బ్రిటిష్ మ్యాగజైన్ రాసిన కొనుగోలు గైడు ప్రింట్ తీసి, పసుపు గీతలు గీసుకుని మరీ వచ్చారు. చూడబోయేదేమో అదే కారుకు మన రూపం, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్.

అపోహ: ఎక్కడ తయారైనా హెరాల్డ్ హెరాల్డే.
వాస్తవం: ఇంగ్లండులో ఇంజను 948 సీసీతో మొదలై 1147, ఆ తర్వాత 1296 దాకా పెరిగింది. మన బండికి ఆఖరిదాకా 948యే. నాలుగు తలుపుల హెరాల్డ్ అసలు మన దగ్గరే పుట్టింది. కాబట్టి ఏ ఇంజను మేలు, ఏ మోడల్ మేలు అన్న పేజీలు మనకు అక్కర్లేదు.

అపోహ: తలుపుల కింది సిల్లులు (పొడవాటి రేకు పట్టీలు) తుప్పు పడితే ఆ బండి జోలికి పోకూడదు.
వాస్తవం: ఎంజీబీ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారుకైతే నిజం, మన అంబాసిడర్‌కైనా నిజమే. వాటికి బాడీయే బలం. హెరాల్డ్‌కు బరువు మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, విడిగా ఉంది, సిల్లులు బోల్టులతో బిగించినవే. వంగి చూడాల్సింది డిక్కీ కింద, వెనక చక్రాల మధ్యనుండే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్ చుట్టూ.

అపోహ: కింద దండిగా గ్రీజు కనిపిస్తే బాగా చూసుకున్న బండి.
వాస్తవం: ఇక్కడ మ్యాగజైనే రైటు, తప్పంతా మా మెకానిక్కులది. ముందు చక్రాల దగ్గర, కింద ట్రనియన్ అని కంచు ముక్క ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే పైనున్న ఉక్కు మర అందులో తిరుగుతుంది. దానికి పోయాల్సింది ఈపీ 90 గేర్ ఆయిల్. మావాళ్లు ప్లగ్గు పీకి గ్రీజు ఎక్కించే నిపుల్ పెట్టి ఏళ్ల తరబడి గ్రీజు కొట్టారు. ఆరోజు విప్పితే గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంది, మర చుట్టూ ఎర్రటి తుప్పు. అది విరిగిందంటే చక్రం పక్కకు మడతపడిపోతుంది. సారు కాగితంలో ఆ లైనుకు మాత్రం పసుపు గీత లేదు!

అపోహ: గైడులో ధర పౌండ్లలో ఉంది కదా, రూపాయల్లోకి మార్చుకుంటే సరి.
వాస్తవం: ఆ ధర ఫోన్ చేస్తే విడిభాగం ఇంటికొచ్చే దేశానిది. మన దగ్గర అద్దం రబ్బరు కూడా వెతుక్కోవాలి, లేదంటే కస్టమ్స్ కట్టి తెప్పించుకోవాలి. పైగా ఇక్కడ ధరను తేల్చేది ఆర్సీ. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని సొంత బండిని 2021 కేంద్ర నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కాకపోతే రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కుదరదు. ఆ ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీదున్న నంబరుతో కలవాలి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవడం మా అలవాటు.

ఆరోజు చేతిలో వేరే కాగితం లేదు. సారు గైడు వెనకవైపే రుద్దాను.