మానిక్ మైనర్ ఎవరిది? బగ్-బైట్ కంపెనీ వెనక కథ

1980ల్లో సింక్లెయిర్ కంపెనీ అమ్మిన స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ ఆటల క్యాసెట్లు దాచుకునేవాళ్ల దగ్గర మానిక్ మైనర్ అనే ఆట రెండు అట్టలతో కనిపిస్తుంది. ఒకదాని మీద బగ్-బైట్ అని ఉంటుంది, రెండోదాని మీద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ అని. రెండూ ఆటలమ్మే కంపెనీలే. రాసింది మాత్రం మాథ్యూ స్మిత్ ఒక్కడే. అవే 20 గుహలు, అదే కథానాయకుడు మైనర్ విల్లీ, అవే తాళంచెవులు. తేడా కనిపెట్టాలంటే చాలా లోపలిదాకా ఆడాలి. 18వ గుహకి వెళ్తే మొదటి క్యాసెట్‌లో కాళ్లు కిందకి వేలాడేసుకున్న ఆక్టోపస్‌ల్లాంటి జీవులు ఉంటాయి. రెండో క్యాసెట్‌లో వాటి చోట నవ్వు మొహాల పురుగులు, రెండు పక్కలా చిన్నచిన్న కాళ్లతో. ఆ పురుగు బగ్-బైట్ కంపెనీ లోగోలోని పురుగే. 17వ గుహలో అయితే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ వాళ్ల సొంత గుర్తు, ఆ ఎటు చూసినా మెలిపడే త్రిభుజం, వచ్చి చేరింది.

ఒక ఆట బయటికొచ్చిన కొద్ది నెలలకే ఇల్లు మారి, పాత ఇంటి గుర్తుని శత్రువుగా పెట్టుకుందంటే మధ్యలో ఏదో జరిగింది. కోడ్ రాసినవాడిదా, అమ్మినవాడిదా అన్న ప్రశ్న ఇవాళ్టికీ తెగలేదు, మన ఊళ్లలో ఫ్రీలాన్స్ పని చేసే ప్రతి ప్రోగ్రామర్‌కీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్నే అది. ఇంటి కంప్యూటర్ల కాలంలో అది బాగా పేరుమోసిన ఒక ఆట మీద వచ్చిపడింది కాబట్టి ఆ కథ మొదటినుంచీ చెప్పాలనిపించింది.

1980 ఫిబ్రవరిలో సింక్లెయిర్ కంపెనీ జెడ్ఎక్స్80 అనే కంప్యూటర్ తెచ్చింది. తయారుగా కొంటే 99.95 పౌండ్లు, విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో అతికించుకుంటే 79.95. మెమరీ 1 కేబీ. 1 కేబీ అంటే ఎంతో ఊహించుకోవాలంటే, ఇప్పటి యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడుతుంది, అంటే దాదాపు 340 గుర్తులు. పైన రాసిన మొదటి పేరా కూడా పూర్తిగా అందులో పట్టదు. అంత ఇరుకులో కూడా జనం ఆటలు రాశారు, రాసినవి క్యాసెట్‌లోకి ఎక్కించారు, పత్రికలో చిన్న ప్రకటన వేసి పోస్టులో పంపారు. దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక టేప్ రికార్డర్, ఖాళీ క్యాసెట్లు, ప్రకటనకి కొంచెం డబ్బు ఉంటే చాలు.

అలా మొదలైనవాళ్లలో టోనీ బాడెన్, టోనీ మిల్నర్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు ఉన్నారు. 1980లో వాళ్లు పెట్టిందే బగ్-బైట్. బ్రిటన్‌లో ఇంటి కంప్యూటర్లకి ఆటలు అమ్మిన తొలి కంపెనీల్లో అదొకటి. స్థిరపడింది లివర్‌పూల్‌లో. ఆ రోజుల్లో లివర్‌పూల్ పరిస్థితి ఏమీ బాగోలేదు. రేవు పని తగ్గిపోయింది, నిరుద్యోగం పెరిగింది, 1981 జులైలో టాక్స్‌టెత్ పేటలో అల్లర్లు జరిగాయి. అదే ఊళ్లో, రేవుకి దగ్గర్లోనే ఉన్న కానింగ్ ప్లేస్‌లోని మల్బరీ హౌస్ నుంచి, ఇరవైలు దాటీ దాటనివాళ్లు దేశమంతటికీ ఆటలు పంపుతున్నారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. లండన్‌లో డబ్బున్న వీధుల్లో పుట్టిన పరిశ్రమ కాదిది.

బగ్-బైట్ పని చేసిన తీరు పుస్తక ప్రచురణకి దగ్గరగా ఉంటుంది. బయటివాళ్లు ఇంట్లో కూర్చుని ఆట రాసి పంపుతారు, నచ్చితే కంపెనీ తీసుకుని అట్ట వేయించి అమ్ముతుంది. జెడ్ఎక్స్80 తర్వాత వచ్చిన జెడ్ఎక్స్81 మీద పేరు తెచ్చుకున్న మజోగ్స్ అనే ఆట రాసిన డాన్ ప్రీస్ట్‌లీ అంతకుముందు బడిపంతులు. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మీద ట్విన్ కింగ్‌డమ్ వ్యాలీ అనే అడ్వెంచర్ ఆట ట్రెవర్ హాల్ రాశాడు. అందులో పాత్రలు మనం చెప్పకుండానే వాటి దారిన అవి తిరుగుతుంటాయి, అప్పటికి అది పెద్ద విషయం. ఇలా ఎవరెవరో ఎక్కడెక్కడో రాసినవి ఒక్క పురుగు గుర్తు కింద వచ్చాయి.

ఈ పద్ధతిలో జీతాల భారం తక్కువ, వేగం ఎక్కువ. కానీ ఎవరినీ కట్టిపడేసేది ఏమీ ఉండదు. ముందుగా వెళ్లింది లోపలివాళ్లే. బగ్-బైట్‌లో పనిచేసిన మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ 1982లో బయటికొచ్చి అదే ఊళ్లో ఇమాజిన్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. లాసన్ రాసిన ఆర్కేడియా ఆ క్రిస్మస్‌కి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఇమాజిన్ గురించి పత్రికల్లో ఆటలకన్నా ఖరీదైన కార్ల కథలే ఎక్కువ వచ్చాయి. యూజీన్ ఎవాన్స్ అనే టీనేజీ ప్రోగ్రామర్ ఏడాదికి 35,000 పౌండ్లు సంపాదిస్తున్నాడని పేపర్లు రాశాయి.

ఇక మాథ్యూ స్మిత్. లివర్‌పూల్‌కి నది అవతలున్న వాలసీ కుర్రాడు, 1966లో పుట్టాడు. వాడికి బగ్-బైట్ ఒక స్పెక్ట్రమ్ కంప్యూటర్ అరువిచ్చింది, బదులుగా ఫ్రీలాన్స్‌గా మూడు ఆటలు రాసివ్వాలని ఒప్పందం. మొదటిది స్టిక్స్. రెండోది మానిక్ మైనర్.

అప్పట్లో మైనర్ 2049ఆర్ అనే అమెరికన్ ఆట ఉండేది, గనిలో గెంతుతూ తిరిగే ఆట. ఆ ఊహని తీసుకుని స్మిత్ తన సొంత లోకం కట్టుకున్నాడు, ఒక టాండీ మోడల్ 3 కంప్యూటర్ మీద ఎనిమిది వారాల్లో రాసేశాడు. 1983లో క్యాసెట్ 5.95 పౌండ్లకి వచ్చింది.

ఇప్పుడు ఎమ్యులేటర్‌లో, అంటే పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాములో, పెట్టి ఆడినా దాని పనితనం తెలుస్తుంది. మొదటి గుహ సెంట్రల్ కావర్న్. విల్లీ ఎడమవైపు కింద నిలబడి ఉంటాడు. పైన అయిదు తాళంచెవులు మెరుస్తుంటాయి. కొన్ని చోట్ల నేల మీద కాలు పెడితే అది కొద్దికొద్దిగా విరిగి పడిపోతుంది, మధ్యలో ఒక కన్వేయర్ బెల్ట్ మనల్ని ఒక పక్కకి లాగుతుంది, దాని మీద ఒక మరబొమ్మ అటూ ఇటూ నడుస్తుంటుంది. గెంతడం మొదలుపెట్టాక గాల్లో దారి మార్చుకోలేం, కాబట్టి ప్రతి గెంతూ ముందే లెక్క వేసుకోవాలి. కింద ఆక్సిజన్ గీత తరుగుతూ ఉంటుంది. ఇంకా కిందన మిగిలిన ప్రాణాలు చిన్న విల్లీలుగా పాటకి తగ్గట్టు కాళ్లాడిస్తుంటాయి. అన్నీ అయిపోతే పైనుంచి ఒక పెద్ద బూటు దిగి విల్లీని తొక్కేస్తుంది.

ఆ పాట గురించి చెప్పకపోతే అన్యాయం. స్పెక్ట్రమ్‌లో శబ్దం చేసే చిప్ వేరే లేదు. ప్రాసెసరే స్వయంగా స్పీకర్‌ని ఆన్, ఆఫ్ చేస్తూ శబ్దం పుట్టించాలి, ఆ పనిలో ఉన్నంతసేపు ఇంకే పనీ చేయలేదు. అందుకే ఆట నడుస్తుండగా సంగీతం రావడం కుదరదనుకున్నారు. స్మిత్ ప్రాసెసర్ సమయాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక ముక్క పాటకి, ఒక ముక్క ఆటకి పంచాడు. గరగరలాడే శబ్దమే, అయినా అది గ్రీగ్ స్వరపరిచిన పాటని గుర్తుపట్టగలం. ఆట మొదలవకముందు వచ్చే తెర మీద అయితే బ్లూ డాన్యూబ్ వస్తుంది. ఆ వయసు కుర్రాడు ఒంటరిగా ఇది సాధించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయిదో గుహ పేరు యూజీన్స్ లెయిర్. తాళంచెవులన్నీ తీసుకోగానే ఒక పెద్ద మొహం దిగొచ్చి బయటికెళ్లే దారికి అడ్డం కూర్చుంటుంది. ఆ యూజీన్ ఇమాజిన్‌లోని ఎవాన్సే అని చాలామంది చెబుతారు.

ఆట హిట్టయ్యాక స్మిత్ బగ్-బైట్‌ని వదిలేశాడు. అక్కడే పనిచేసిన అలన్ మేటన్, ఇంకా టామీ బార్టన్‌తో కలిసి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ మొదలుపెట్టాడు. వెళ్తూ వెళ్తూ మానిక్ మైనర్‌ని కూడా తీసుకెళ్లాడు. బగ్-బైట్ రాయించుకున్న ఫ్రీలాన్స్ ఒప్పందంలో ఒక లోటు ఉండిపోయింది, దానివల్ల ఆట మీద హక్కు రాసినవాడితోనే వెళ్లిపోగలిగింది. బగ్-బైట్ అప్పటికే అచ్చేసి అమ్మిన క్యాసెట్లు జనం ఇళ్లలో ఉన్నాయి, కొత్తవి మాత్రం కొత్త పేరుతో, కొద్దిగా మార్చిన గుహలతో వచ్చాయి. ఆటలో దొంగదారి తెరిచే చీట్ కోడ్ కూడా మారింది. పాతదాంట్లో 6031769 అని కొట్టాలి, స్మిత్ డ్రైవింగ్ లైసెన్స్ నంబర్ నుంచి తీసుకున్న అంకెలవి. కొత్తదాంట్లో టైప్‌రైటర్ అనే మాట.

దీన్ని చాలామంది బగ్-బైట్ చేసిన తెలివితక్కువ పనిగా చెబుతారు. వేలల్లో అమ్ముడయ్యే ఆటని ఒక కాగితం సరిగా రాసుకోక పోగొట్టుకున్నారని. నేను అలా చూడలేను. అప్పటి చట్టం ఎలా ఉందో చూడండి. బ్రిటన్‌లో 1956 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి పనిలో భాగంగా రాసింది యజమానిది. బయటివాడు రాసింది మాత్రం, సంతకం పెట్టి రాసిస్తే తప్ప, రాసినవాడిదే. పైగా కంప్యూటర్ ప్రోగ్రామ్ అనే మాటే ఆ చట్టంలో లేదు. ప్రోగ్రాములకి కూడా సాహిత్య రచనలాగే రక్షణ ఉంటుందని స్పష్టంగా చెప్పిన సవరణ 1985లో గానీ రాలేదు. అంటే ఈ ఆట చేతులు మారేనాటికి అసలు ఆట అనేది చట్టం కళ్లలో ఏమిటన్నదే పూర్తిగా తేలలేదు. అలాంటి చిన్న కంపెనీ రాసుకున్న ఒప్పందంలో అలాంటి ఖాళీ ఉండటం వింతేమీ కాదు. ఆ ఖాళీ వల్ల మేలు జరిగింది పనిచేసినవాడికి. పెద్ద కంపెనీలు వచ్చి ఒప్పందాలు బిగించాక ఆ అవకాశం ఎంతమందికి దొరికింది?

మన దేశంలో కూడా లెక్క ఇదే. 1957 కాపీరైట్ చట్టంలోకి కంప్యూటర్ ప్రోగ్రాములని 1984 సవరణతో చేర్చారు. ఉద్యోగంలో ఉండి రాసిన కోడ్ యజమానిది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఫ్రీలాన్స్‌గా రాసింది రాసినవాడిదే, అది వేరేవాళ్లకి వెళ్లాలంటే రాతపూర్వకంగా సంతకం ఉండాలి, ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రిళ్లు బయటి ప్రాజెక్టులు చేసేవాళ్లలో ఎంతమంది ఆ కాగితం పూర్తిగా చదివి సంతకం పెడుతున్నారో నాకు అనుమానమే.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1984లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ నుంచి జెట్ సెట్ విల్లీ వచ్చింది, అమ్మకాల్లో అదీ దుమ్ము దులిపింది. ఇంట్లో టేప్ నుంచి టేప్‌కి కాపీ కొట్టడం ఆపడానికి రంగుల గళ్ల కార్డు ఒకటి క్యాసెట్‌తో పాటు ఇచ్చారు, కంప్యూటర్ అడిగిన గడిలో ఏ రంగుందో చెబితేనే ఆట మొదలవుతుంది. కలర్ జిరాక్స్ అందుబాటులో లేని రోజులు కాబట్టి అది పనిచేసింది, అయినా కొందరు పిల్లలు ఓపిగ్గా చేత్తోనే రాసుకున్నారు.

ఇమాజిన్ పతనం మాత్రం కెమెరా ముందే జరిగింది. 1983 క్రిస్మస్‌కి పోటీవాళ్లకి దొరకకుండా క్యాసెట్లు కాపీ చేసే ఫ్యాక్టరీ సమయాన్ని ముందే బుక్ చేసుకున్నారు, తీరా చూస్తే తమ క్యాసెట్లే గుట్టలుగా మిగిలాయి. బాండర్‌స్నాచ్, సైక్లాప్స్ అని రెండు మెగాగేమ్‌లు తెస్తామన్నారు, కంప్యూటర్‌కి తగిలించే అదనపు పరికరంతో, మామూలు ఆటకి ఎన్నో రెట్ల ధరకి. అవి రాలేదు. బీబీసీ వాళ్లు కంపెనీ విజయం మీద డాక్యుమెంటరీ తీస్తుండగానే బాకీలకి జప్తు చేసేవాళ్లు వచ్చారు. 1984 జులై 9న కోర్టు కంపెనీని మూసేయించింది, పత్రికల ప్రకటనలకి కట్టాల్సిన 10,000 పౌండ్ల బాకీ మీద. ఇమాజిన్ అన్న పేరుని మాంచెస్టర్‌కి చెందిన ఓషన్ అనే ఆటల కంపెనీ కొనుక్కుంది.

బగ్-బైట్ 1985లో మూతపడింది. ఆ పేరుని ఆర్గస్ ప్రెస్ కొని చవక ఆటల మీద వేసుకుంది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ కూడా ఆ దశాబ్దం దాటలేదు.

మనుషులు మాత్రం ఊళ్లోనే ఉన్నారు. ఇమాజిన్ శిథిలాల్లోంచి సైగ్నోసిస్ అనే కంపెనీ పుట్టింది. రాని బాండర్‌స్నాచ్ తాలూకు ఆలోచనలే 1986లో బ్రటాకస్ అనే ఆటగా బయటికొచ్చాయి. 1991లో లెమ్మింగ్స్ అనే ఆటని ప్రచురించింది సైగ్నోసిసే. 1993లో సోనీ దాన్ని కొంది, ప్లేస్టేషన్‌తో పాటు యూరప్‌లో వచ్చిన వైపౌట్ అనే ఆట అక్కడ తయారైందే. 2012 ఆగస్టులో సోనీ ఆ స్టూడియోని మూసేస్తే, అక్కడివాళ్లు కొందరు అదే ఏడాది ఫైర్‌స్ప్రైట్ అనే స్టూడియో పెట్టుకున్నారు. 2021లో దాన్నీ సోనీయే కొంది.

పాత ఆటలని భద్రపరిచేవాళ్లకి ఈ చరిత్రంతా ఎందుకు కావాలంటే, ఒక టేప్‌ని ఫైలుగా మార్చి అందరికీ అందుబాటులో పెట్టాలంటే ముందు ఎవరిని అడగాలో తెలియాలి. అట్ట మీది కంపెనీ లేదు, దాని పేరు వేరేవాళ్లు కొన్నారు, పేరుతో పాటు ఏ ఆట హక్కు వెళ్లింది, ఏది రాసినవాడి దగ్గరే ఉండిపోయిందీ అన్నది 1982, 83ల్లో ఎవరో టైపు చేసిన ఒప్పందంలో ఉంటుంది. సింక్లెయిర్ కంప్యూటర్లని 1986లో కొన్న అమ్‌స్ట్రాడ్, స్పెక్ట్రమ్ రోమ్ కోడ్‌ని, అంటే యంత్రంలో ముందే ఎక్కించి ఉండే ప్రోగ్రామ్‌ని, ఎమ్యులేటర్లతో పాటు పంచుకోవచ్చని ఒప్పుకుంది కాబట్టి యంత్రం బతికింది. ఆటల విషయంలో ఒక్కొక్క రచయితనీ వెతికి పట్టుకుని అడుగుతూ వచ్చారు. పేరు లేకుండా పనిచేసిన ఉద్యోగుల ఆటలకన్నా, స్మిత్‌లా అట్ట మీద పేరున్న ఫ్రీలాన్సర్ల ఆటల విషయంలోనే ఆ వెతుకులాట తేలికైంది.