గుండె ఆపరేషన్ తర్వాత ఊపిరి వ్యాయామాలు: అపోహలు - వాస్తవాలు

బైపాస్ ఆపరేషన్ చేయించుకొని కోనసీమకు, నరసాపురం, భీమవరం వైపు పల్లెలకు తిరిగివచ్చేవారికి ఫిజియోథెరపీ చేస్తుంటాను. మందుల వేళలు, ఉప్పు, నూనె విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే కుటుంబాలు కూడా ఊపిరితిత్తులను పట్టించుకోకపోవడం నన్ను కలవరపెడుతుంది.

అపోహ: ఆపరేషన్ గుండెకు జరిగితే ఊపిరితిత్తులకు వ్యాయామం ఎందుకు?

వాస్తవం: గుండెను ఆపి, దాని పనినీ ఊపిరితిత్తుల పనినీ తాత్కాలికంగా చేసే హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో ఆపరేషన్ చేసే సమయంలో ఊపిరితిత్తులకు గాలి ఆడించడం సాధారణంగా ఆపుతారు లేదా బాగా తగ్గిస్తారు. ఆ తర్వాత మత్తు ప్రభావం, ఛాతీ నొప్పి, పడక కలిసి రోగి పైపైనే ఊపిరి తీసుకోవడంతో చిన్న గాలి గదులు, ముఖ్యంగా ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో, ముడుచుకుపోతాయి. అక్కడ కఫం నిలిస్తే న్యుమోనియా రావచ్చు. పొగ అలవాటు లేనివారికీ ఈ ముప్పు ఉంది. లంక పొగాకు చుట్టలు ఏళ్ల తరబడి కాల్చినవారికి మరింత ఎక్కువ.

అపోహ: "ఏవండీ, దగ్గకండి, కుట్లు ఊడిపోతాయి."

వాస్తవం: ప్రేమతో చెప్పే ఈ మాటే ఎక్కువ హాని చేస్తుంది. కోసిన రొమ్ము ఎముకను సాధారణంగా స్టీలు తీగలతో బిగిస్తారు కనుక, ఛాతీకి ఆసరా ఇచ్చి దగ్గే దగ్గుకు అది విడిపోదు. దిండును గానీ మడిచిన తువ్వాలును గానీ రెండు చేతులతో ఛాతీకి హత్తుకొని, కూర్చొని, నిండుగా గాలి పీల్చి దగ్గాలి. దగ్గు మరీ నొప్పిగా ఉంటే, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా నోరు తెరిచి "హా" అంటూ గాలి వదిలితే కఫం పైకి వస్తుంది. డాక్టరు రాసిన నొప్పి మాత్రను ఓర్చుకోగలమంటూ మానేయడం పొరపాటు. అది వేసుకున్న అరగంట, గంట తర్వాత వ్యాయామం సులువవుతుంది. ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడటానికి సుమారు 3 నెలలు పడుతుంది. ఈలోగా ఎముక కదిలినట్టు, టక్కుమన్నట్టు అనిపించినా, గాయం నుంచి చీము కారినా సర్జన్‌కు చూపించాలి.

అపోహ: స్పైరోమీటరులో (ఊపిరి వ్యాయామానికి వాడే చిన్న పరికరంలో) మూడు బంతులూ ఎగిరితేనే లాభం.

వాస్తవం: ముందుగా, అది ఊదే పరికరం కాదు, పీల్చేది. సాధారణంగా దొరికే మూడు బంతుల పరికరంపై ఉండే 600, 900, 1200 అంకెలు సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళుతోందో, అంటే వేగాన్ని చెబుతాయి. ఒక్క ఊపున మూడింటినీ ఎగరేయడం కంటే, ఒకటో రెండో బంతులను నెమ్మదిగా లేపి 3 సెకన్లు నిలపడం మేలు. మెలకువగా ఉన్నప్పుడు గంటకు 10 సార్లు, మధ్యలో ఆగుతూ చేయాలి. తల తిరిగితే ఆపాలి. పరికరం లేదని దిగులు వద్దు, నిదానంగా చేసే దీర్ఘశ్వాస కూడా పనిచేస్తుంది.

అపోహ: పూర్తిగా కోలుకునేదాకా మంచం దిగకూడదు.

వాస్తవం: వెల్లకిలా పడుకుంటే పొట్ట డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరాన్ని) పైకి నెట్టడంతో ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటు తగ్గుతుంది. కుర్చీలో కూర్చోవడం, చల్లపూట నడవడం అవసరం. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనదే. వరి గడ్డి తగలబెట్టే పొగకు, రైస్ మిల్లు దుమ్ముకు దూరంగా నడవాలి.

అపోహ: కపాలభాతి చేస్తే ఊపిరితిత్తులు త్వరగా తెరుచుకుంటాయి.

వాస్తవం: కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం ఛాతీలో ఒత్తిడి పెంచుతాయి. సర్జన్ అనుమతి లేకుండా చేయకూడదు.

అపోహ: పెరుగు, కొబ్బరినీళ్లు కఫం చేస్తాయి.

వాస్తవం: పెరుగన్నం మానక్కర్లేదు. కొబ్బరినీళ్ల విషయంలో చూడవలసింది పొటాషియం. కిడ్నీ సమస్య ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారు డాక్టరును అడిగే తాగాలి. నీళ్లూ ఆయన చెప్పిన కొలత మేరకే.

ఆయాసం రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరంతో పాటు పసుపు లేదా ఆకుపచ్చ కఫం వస్తున్నా, ఒక కాలి పిక్క వాచినా రివ్యూ తేదీ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. హఠాత్తుగా ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కఫంలో రక్తం పడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రేవు దాటి రావలసిన లంక గ్రామాలవారు పడవ దొరికే వేళ ఏదో ముందే కనుక్కొని ఉంచుకోవాలి.