క్రిప్టో కొన్నది ఎవరి పూచీ మీద?

కంప్యూటర్లలోనే ఉండే డిజిటల్ నాణేలను క్రిప్టో అంటారు, అందులో ఒకటి బిట్‌కాయిన్. అది పుట్టిందే మధ్యలో బ్యాంకు అక్కర్లేకుండా డబ్బు చేతులు మారడానికి. 2008 అక్టోబర్‌లో సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన పత్రం సారాంశం అదే. మన దేశంలో మాత్రం కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది ఎవరో ఒకరి భరోసా చూసుకునే కొన్నారు. ఒకప్పుడు తెలిసినవాళ్లు, తర్వాత కోర్టు, ఆ తర్వాత క్రికెట్ మ్యాచ్ మధ్యలో వచ్చే ప్రకటన. ఇవాళ కొత్తవాళ్ల తప్పులుగా చెప్పుకునే వాటిలో చాలావరకు ఈ అలవాటు నుంచి వచ్చినవే.

రిజర్వ్ బ్యాంకు మొదటి హెచ్చరిక 2013 డిసెంబర్‌లోనే వచ్చింది. రెండు నెలలకే టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్చేంజ్ (బిట్‌కాయిన్లు కొని అమ్ముకునే చోటు) దివాలా తీసింది. సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనిపించడం లేదని ఒప్పుకుంది. అప్పటికి ఇక్కడ కొన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ఆ వార్త ఎవరికీ పాఠం కాలేదు.

మనవాళ్లకు తగిలిన మొదటి పెద్ద దెబ్బ గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం. బిట్‌కాయిన్ ఇస్తే నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు తిరిగి ఇస్తామన్నారు. అంటే ఒకటి పెడితే 1.8 రావాలి. ఏ మైనింగ్ యంత్రమూ (కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్) అంత స్థిరంగా సంపాదించదు. కానీ ఆ లెక్క వేసుకున్నవాళ్లు తక్కువ, చేర్పించిన స్నేహితుడిని నమ్మినవాళ్లు ఎక్కువ. చెల్లింపులు తడబడ్డాక బిట్‌కాయిన్ బదులు ఎంక్యాప్ అనే సొంత నాణెం చేతిలో పెట్టారు. దానికి విలువ నిలవలేదు. సూత్రధారి అమిత్ భరద్వాజ్‌ను 2018లో అరెస్టు చేశారు, 2022లో ఆయన చనిపోయారు. సీబీఐ సోదాలు 2025లో కూడా జరిగాయి. ఇదే పద్ధతి నిర్మల్‌లో యూ-బిట్ కాయిన్ పేరుతో కనిపించింది. 2024లో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నారు. పిల్లలకు లెక్కలు నేర్పే సారు చెబితే ఊళ్లో ఎవరు కాదంటారు?

2017 చివర్లో బిట్‌కాయిన్ 20 వేల డాలర్ల దగ్గరికి చేరింది. టీవీల్లో, ఆఫీసు క్యాంటీన్లలో అదే మాట. ఆ ఊపులో కొన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి 80 శాతానికి పైగా పోగొట్టుకున్నారు. ఈలోగా 2018 ఏప్రిల్‌లో, క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకులు సేవలు అందించొద్దని ఆర్బీఐ సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పును చాలామంది తప్పుగా చదివారు. బ్యాంకులకు నష్టం జరిగినట్టు ఆర్బీఐ చూపలేదు కాబట్టి ఆ ఆంక్ష మోతాదు మించిందని మాత్రమే కోర్టు అంది. వాట్సాప్‌లో అది "క్రిప్టో లీగల్ అయింది" అని తిరిగింది. లీగల్ అంటే సేఫ్ అనుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

2021లో ఆ ధైర్యానికి ప్రకటనలు తోడయ్యాయి. వంద రూపాయలతో మొదలుపెట్టొచ్చన్నారు. అప్పుడే శిబా ఇను లాంటి నాణేలకు గిరాకీ వచ్చింది. పైసాలో చిన్న వంతుకే దొరుకుతోంది, రూపాయికి వెళ్తే కోటీశ్వరులమే అన్న ఆశ. చలామణిలో ఉన్నవి దాదాపు 589 లక్షల కోట్ల నాణేలు. ఒక్కోటి రూపాయి అయితే మొత్తం విలువ మన దేశపు ఏడాది జీడీపీని దాటిపోతుంది. చూడాల్సింది ఒక్క నాణెం ధర కాదు, ధరను సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చేది. ఆ నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ మరుసటి నవంబర్‌కల్లా 16 వేలకు దిగింది. మధ్యలో టెర్రా-లూనా నాణేలు కూలాయి, చివర్లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్చేంజ్ దివాలా తీసింది. క్రిప్టోకు నియంత్రణ లేదని, నష్టపోతే చెప్పుకునే చోటు ఉండకపోవచ్చని ప్రకటనల్లో రాయాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అప్పటికే కొనాల్సినవాళ్లు కొనేశారు.

అదే ఏప్రిల్ నుంచి లాభాలపై 30 శాతం పన్ను మొదలైంది. పన్ను వేశారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అని కొందరు సంబరపడ్డారు. సక్రమమా అక్రమమా అన్నది వేరే ప్రశ్న, పన్ను వేసే హక్కు ఉంది కాబట్టి వేస్తున్నామని ఆర్థికమంత్రి రాజ్యసభలోనే చెప్పారు. అసలు దెబ్బ వివరాల్లో ఉంది. బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో నాణెంలో లక్ష నష్టం వస్తే చేతికి మిగిలేది సున్నా. కానీ నష్టాన్ని లాభంలో తీసేయనివ్వరు. సెస్సుతో కలిపి 31,200 రూపాయలు కట్టాలి. రోజుకు పదిసార్లు కొని అమ్మేవాళ్లకు ఇది రిటర్ను వేసేటప్పుడు గానీ తెలియలేదు. 2022 జులై నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ కూడా పడింది.

వీటన్నిటినీ తట్టుకుని నిలిచినవాళ్లకు కూడా 2024 జులై 18 మిగిలి ఉంది. ఆ రోజు వజీర్ఎక్స్ అనే ఎక్స్చేంజ్ వాలెట్ (నాణేల తాళాలు ఉంచే డిజిటల్ పర్సు) నుంచి దాదాపు 2 వేల కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. పని ఉత్తర కొరియా హ్యాకర్లదని తర్వాత అమెరికా, జపాన్, దక్షిణ కొరియా సంయుక్తంగా ప్రకటించాయి. విత్‌డ్రాలు ఆగిపోయాయి. యాప్‌లో బ్యాలెన్స్ కనిపిస్తూనే ఉంది, తీసుకోవడానికి మాత్రం లేదు. నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచాలన్న ప్రణాళిక సింగపూర్ కోర్టుకు వెళ్లింది. ట్రేడింగ్ మళ్లీ మొదలైంది 2025 అక్టోబర్‌లో. తాళం ఎక్స్చేంజ్ చేతిలో ఉన్నప్పుడు మనం నాణెం యజమానులమా, అప్పిచ్చినవాళ్లమా అని చాలామంది మొదటిసారి ఆలోచించింది అప్పుడే. 2025 అక్టోబర్‌లోనే మద్రాసు హైకోర్టు ఈ వివాదంలోని ఒక కేసులో క్రిప్టోను ఆస్తిగానే గుర్తించింది. సొంత వాలెట్‌లో పెట్టుకుంటే ఈ బెడద లేదు, కానీ ఆ వాలెట్‌ను తిరిగి తెరిచే 12 లేదా 24 పదాల రికవరీ ఫ్రేజ్ పోతే తిరిగి ఇచ్చేవాళ్లూ ఉండరు.

ఇప్పుడు ఎక్స్చేంజ్‌లు "ఎఫ్‌ఐయూ రిజిస్టర్డ్" అని, అంటే అనుమానాస్పద లావాదేవీలను గమనించే కేంద్ర ప్రభుత్వ విభాగంలో నమోదయ్యామని చెప్పుకుంటున్నాయి. 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ చట్టం వీటికి వర్తిస్తుంది. కేవైసీ చేయాలి, అనుమానాస్పద లావాదేవీల వివరాలు పంపాలి. అది లేని యాప్ జోలికి వెళ్లకపోవడం మంచిదే. అయితే బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు ఉన్నట్టు ఆ రిజిస్ట్రేషన్‌తో బీమా ఏమీ రాదు. హ్యాక్ జరిగిన రోజున వజీర్ఎక్స్ కూడా రిజిస్టరైన సంస్థే.