రాజహంసలు వేలల్లో, గద్ద ఒక్కటే

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఒక జనవరి పొద్దున ఆ రోడ్డు పక్కన బండి ఆపి రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను, లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు వందలు దాటాక వదిలేశాను. ఆ గుంపు వెనక ఇంకో గుంపు, దాని వెనక గులాబీ రంగు గీతలా మరొకటి. గూడబాతులు (పెలికాన్లు) నలభై దాకా తేలాయి. తెల్ల పొట్ట సముద్రపు గద్ద మాత్రం ఒక్కటే, దూరంగా ఓ స్తంభం మీద. రెండోదాని కోసం గంటసేపు చూశాను, కనబడలేదు.

బరువు చూస్తే ఆ గద్దకూ ఒక రాజహంసకూ పెద్ద తేడా ఉండదు. ఏదైనా అటూ ఇటూగా మూడు కిలోలు. పోనీ రాజహంసలు ఎక్కువ గుడ్లు పెడతాయేమో అనుకుంటే, అదీ కాదు. రాజహంస ఒక విడతలో ఒక్క గుడ్డే పెడుతుంది, ఈ గద్ద మామూలుగా రెండు పెడుతుంది. మరి ఇవి వేలల్లో ఎందుకున్నాయి, అది ఒంటరిగా ఎందుకుంది?

జవాబు రాజహంస ముక్కులో ఉంది. అది తల వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెడుతుంది. నాలుకను పిచికారీలా ఆడిస్తూ నీటిని లోపలికి లాగి, ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే పొరల మధ్య నుంచి బయటికి తోసేస్తుంది. నీళ్లు పోతాయి. సన్నటి రొయ్యజాతి జీవులు, బురదలోని లార్వాలు, కాస్త నాచు లోపల మిగులుతాయి. టీ వడకట్టినట్టే, కాకపోతే దీనికి కావాల్సింది పిప్పి. దాని గులాబీ రంగు కూడా ఈ తిండిలోంచి వచ్చిందే. పిల్లగా ఉన్నప్పుడు రాజహంస బూడిద రంగులో ఉంటుంది.

అంటే ఎండను నాచు పట్టుకుంది, నాచును పురుగు తింది, పురుగును రాజహంస తింది. దారి అక్కడితో అయిపోయింది. గద్ద దారి పొడుగు. నాచును సన్న జీవులు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు, ఆ పెద్ద చేపను గద్ద. ఒక్కో చెయ్యి మారినప్పుడల్లా శక్తిలో సుమారు పదోవంతే ముందుకు వెళుతుందనుకుందాం. నాచు దగ్గర వెయ్యి పాళ్లుంటే రాజహంసకు పది పాళ్లు అందుతాయి. గద్దకు అందేది ఒక్క పాలులో పదోవంతే. ఒకే సరస్సు, ఒకే ఎండ, వంద రెట్లు తేడా. లెక్క మోటుదే. రాజహంసలు వలస వచ్చేవి, గద్దలు తమ హద్దుల్లోకి ఇంకోదాన్ని రానివ్వవు, అవన్నీ కలుస్తాయి. కానీ గద్దకు అంత పెద్ద హద్దు ఎందుకు కావాల్సొచ్చిందో ఆలోచిస్తే మళ్లీ ఈ లెక్క దగ్గరికే వస్తాం.

మిగతా తొమ్మిది వంతులు ఏమయ్యాయి? కొంత అసలు ఎవరి నోటా పడలేదు, చచ్చి బురదలో చేరి బాక్టీరియాకు తిండయింది. కొంత అరగకుండా బయటికి పోయింది. ఎక్కువ భాగం ఒంట్లోనే ఖర్చయి వేడిగా పోయింది. ఈ విషయంలో పక్షులు మహా దుబారా. ఒళ్లు ఎప్పుడూ 40 డిగ్రీల దగ్గర ఉంచుకోవాలి కదా! ఒంటబట్టిన శక్తిలో నూటికి ఒకటి రెండు వంతులే కొత్త కండగా మారతాయి. చేపలకు ఆ ఖర్చు లేదు కాబట్టి అవి చాలా నయం. గద్దలనే తిని బతికే జంతువు లేకపోవడానికి కారణం కూడా ఇదే, గిట్టుబాటు కాదు.

ఈ లెక్కను ఒక నిజమైన చెరువు మీద వేసి చూపించినవాడు రేమండ్ లిండెమన్ అనే అమెరికన్. మినెసోటాలోని సెడార్ బాగ్ లేక్ అనే చిన్న చెరువును ఏళ్ల తరబడి పట్టుకు వేలాడాడు. ఆయన వ్యాసాన్ని పత్రిక మొదట తిప్పికొట్టింది. ఆధారాలకన్నా సిద్ధాంతం ఎక్కువైందని పరిశీలకుల ఫిర్యాదు. 1942లో అది అచ్చయ్యేసరికి ఆయన లేడు, 27 ఏళ్లకే జబ్బుతో పోయాడు. పాఠ్యపుస్తకాల్లో 10 శాతం అని గీత గీసినట్టు రాస్తారు గానీ, ఆయన చెరువులో వచ్చిన అంకెలు వేరు. మొక్కలు పట్టింది ఎండలో 0.1 శాతం, మొక్కల నుంచి వాటిని తినేవాటికి చేరింది 13.3, అక్కడి నుంచి వేటాడేవాటికి 22.3. పది అనేది సగటు మాట, చట్టం కాదు.

ఇంకో తిరకాసు ఉంది. నీళ్లలో ఏ రోజైనా తూచి చూస్తే నాచు కన్నా దాన్ని తినే జీవులే ఎక్కువ బరువు తూగొచ్చు. తలకిందులుగా ఉందే అనిపిస్తుంది. పొద్దున్నే ఇడ్లీ బండి చూడండి, ఏ క్షణాన చూసినా గిన్నెలో ఉండేవి ఓ ముప్ఫై ఇడ్లీలు, చుట్టూ తింటున్నవాళ్లు పాతికమంది. వాయి వెనక వాయి దిగుతుంటుంది కాబట్టి సరిపోతుంది. కంటికి ఆనని నాచు కూడా అంతే, రోజు రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. తింటున్నా తరగదు.

గూడబాతులు పులికాట్‌లో మేసినా గూళ్లు కట్టేది అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని నేలపట్టులో, చెరువులోని నీటి కడప చెట్ల మీద. ఆ ఎగుడుదిగుడు గూళ్లలో పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దాకా దూర్చి చేపలు లాక్కుంటాయి. కింద నీళ్లలోకి రెట్టలు టపటపా పడుతుంటాయి. ఆ నీళ్లు పారితే పంట బాగా వస్తుందని ఊరి రైతులు చెబుతారు, సబబే. పులికాట్ చేపలోని నత్రజని అలా వరి కంకిదాకా చేరుతుంది, అక్కణ్ణుంచి ఎవరి కంచంలోకో. అదే చేపలోని శక్తి మాత్రం చాలావరకు రెక్కల కష్టానికీ ఒంటి వేడికీ ఖర్చయి గాలిలో కలిసిపోయింది, దాన్ని ఏ ఆకూ మళ్లీ పట్టుకోలేదు. తెల్లారేసరికి గూడబాతులు మళ్లీ పులికాట్ దారి పడతాయి.