పసిబిడ్డ ముక్కులో నూనె, కంట్లో చనుబాలు: వార్డులో రోజూ వినే అపోహలు

వరంగల్‌లో నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నా. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చే బాలింతలు, వాళ్ల అమ్మలు, అత్తలు నన్ను అడిగేవీ, అడక్కుండానే చేసేసేవీ కలిపి రాస్తున్నా.

అపోహ: పుట్టగానే కాళ్లు పట్టి తలకిందులు చేసి చరిస్తేనే ఊపిరి వస్తుంది.

వాస్తవం: అట్లా చేయం. పొడి తువ్వాలతో ఒళ్లంతా తుడుస్తాం, చాలామంది బిడ్డలు ఆ తుడుపుకే ఏడుస్తారు. ఏడవకపోతే వీపు రుద్దుతాం, అయినా ఊపిరి లేకపోతే మొదటి నిమిషం దాటకుండా బ్యాగ్, మాస్కుతో నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి అందిస్తాం. "మా పాపకు పైపు పెట్టి తెమడ తీయలేదు" అని గొడవపడే వాళ్లుంటారు. గట్టిగా ఏడ్చే బిడ్డకు పైపు అక్కర్లేదు, పైగా అది గొంతు వెనక తగిలితే గుండె వేగం పడిపోవచ్చు. తీయాల్సి వస్తే ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కు ముట్టుకోగానే బిడ్డ ఒక్కసారిగా ఊపిరి లాగుతుంది, నోట్లో ఉన్నదంతా లోపలికి పోతుంది.

అపోహ: తానం చేయించేటప్పుడు ముక్కులో, చెవుల్లో నూనె వేయాలి.

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. నీళ్లు తప్పుదారి పడితే బిడ్డ దగ్గుతుంది, నూనె మాత్రం దగ్గు రాకుండానే మెల్లగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోగలదు, అది తెచ్చే న్యుమోనియా మామూలు యాంటీబయాటిక్‌తో పోయేది కాదు. ముక్కు బిగిస్తే డాక్టర్ రాసిన సెలైన్ చుక్కలు చాలు. తుమ్ములు సర్ది కాదు, పసిబిడ్డ ముక్కు శుభ్రం చేసుకునే పద్ధతే అది. తానం తర్వాత పట్టే సాంబ్రాణి పొగ కూడా వద్దు. నీళ్లు పోసే ముసలమ్మల మీద నాకు కోపం లేదు, వాళ్లలా ఒళ్లు మర్దన చేయడం మాలో ఎవరికీ రాదు, ముక్కు, చెవుల జోలికి మాత్రం పోవద్దని చెప్పండి. అన్నట్టు, మొదటి తానం 24 గంటలు ఆగాకే.

కళ్లకు పుసులు కడితే చనుబాలు పిండాలంటారు. ముర్రుపాలు కడుపుకి మందే, కంటికి కాదు. కాటుకా వద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన శుభ్రమైన దూదితో ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడిచి పారేయాలి, రెండో కంటికి కొత్త దూది. కన్ను తెల్లగానే ఉండి నీరు కారుతుంటే కన్నీటి గొట్టం ఇంకా తెరుచుకోలేదేమో, చాలామందికి ఏడాదిలోపే సర్దుకుంటుంది. మొదటి వారంలోనే రెప్పలు వాచి పసుపు చీము కారితే మాత్రం అదే రోజు తీసుకురండి, చూపు పోయే ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఇక ఆక్సిజన్. కొందరు అది పెట్టారంటే ఆశ లేదని ఏడుస్తారు, కొందరు ఇంకొంచెం ఎక్కువ పెట్టమంటారు. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువైతే కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది, అందుకే రక్తంలో ఆక్సిజన్ చూపే మీటర్ మీద 90-95 శాతం మధ్యే ఉంచుతాం. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువున్నా 30 రోజుల్లోపు కంటి పరీక్ష చేయించాలి. 28 వారాల లోపు వాళ్లకైతే రెండు మూడు వారాలకే. బిడ్డ మంచిగానే చూస్తుంది కదా అని ఆగిపోవద్దు, ఆ జబ్బు బయటికి కనపడదు.

ఇంటికెళ్లాక ఊపిరి లెక్కపెట్టాలంటే నిద్రలో, నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. మధ్యలో ఐదారు సెకన్లు ఆగడం మామూలే. 60కి చేరినా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పెదాలు నీలంగా మారినా బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.