ఆపిల్ పండు ఎక్కడుంది టీచర్? - బైబిలు కథలు చెప్పడంపై అపోహలు, వాస్తవాలు

ఏటా ఏప్రిల్ సగం గడిచేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) నడపబోయే సండే స్కూల్ టీచర్లు, వారిలోనూ ఎక్కువగా డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు, పరకాల నుంచో జనగామ నుంచో చేసి, యోగక్షేమాలయ్యాక గొంతు తగ్గించి అడుగుతారు: “అక్కా, కథను నాటకం లెక్క చేపిస్తే వాక్యానికి కలిపినట్టయితదా?” కాజీపేట, హనుమకొండ చుట్టుపక్కల సంఘాల్లో పిల్లలకూ పెద్దలకూ బైబిలు కథలు చెబుతూ, చెప్పేవాళ్లకు తర్ఫీదు ఇస్తూ ఇరవై రెండేళ్లు గడిపాను. ఈ ప్రశ్న వినని వేసవి ఒక్కటీ లేదు. అడిగేవాళ్లను నేనెప్పుడూ విసుక్కోలేదు, ఎందుకంటే ఆ భయంలో వాక్యం పట్ల గౌరవం ఉంది. ఆ భయాన్ని వాట్సాప్‌లో పుట్టించి పంచేవాళ్ల మీద మాత్రం నాకు బొత్తిగా ఓపిక లేదు.

అపోహ: సృజనాత్మకంగా చెప్పడమంటే కథలో లేనిది కలపడం.

దీన్ని నమ్మేవాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు వాక్యానికి ఏదీ కలపకూడదన్న ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలోని హెచ్చరికను తలచుకుని, అధ్యాయాన్ని గడగడ చదివి, రెండు ముక్కల నీతి చెప్పి, ప్రార్థనతో ముగిస్తారు. రెండోవాళ్లు కలపడమే కళ అనుకుని ధైర్యంగా కలిపేస్తారు. నా తొలి ఏళ్లన్నీ ఈ రెండో బాపతులోనే గడిచాయి కాబట్టి, ఆ తప్పు ఎంత ఖరీదైనదో నా సంగతే చెబుతాను.

ఒక వేసవిలో ఆదాము హవ్వల కథను నాటకంగా వేయించాను. హనుమకొండ చౌరస్తాలో ఎర్రగా నిగనిగలాడే ఆపిల్ పండు కొని, పిల్లలకు దూరం నుంచి కూడా కనబడాలని కొమ్మకు వేలాడదీసి, హవ్వ దాన్ని కొరికేటప్పుడు వెనక నుంచి డోలు కొట్టించాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ నాటకంలో ఆదాము వేషం కట్టిన అబ్బాయి, ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, “టీచర్, ఆదికాండం మూడో అధ్యాయం రెండుసార్లు చదివిన. ఆపిల్ యాడుంది?” అని అడిగాడు. హాస్టల్లో మాట మీద మాట పెరిగి పందెం కాసి, అందరి ముందు ఓడిపోయాడట. ఆపిల్ లేదనీ, అక్కడ ఫలము అని మాత్రమే ఉందనీ, ఆ ఆపిల్ యూరప్ చిత్రకారుల కుంచెల నుంచి మన దాకా వచ్చిందనీ చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, “మరి మీరు చెప్పినవాటిల ఇంకేమేం లేవు?” అన్నాడు.

ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ తర్వాత ఆరు నెలలు, నేను అంతవరకు చెప్పిన ప్రతి కథనూ వాక్యంతో పోల్చి సరిచూసుకున్నాను. క్రిస్మస్ నాటకంలో నేను జరీ తలపాగాలు చుట్టి నిలబెట్టిన ముగ్గురు రాజులు మత్తయి రెండో అధ్యాయంలో లేరు. తూర్పు దేశపు జ్ఞానులున్నారు, ఎందరో చెప్పలేదు, వాళ్లు శిశువును చూసింది పశువుల తొట్టి దగ్గర కాదు, ఇంట్లోకి వచ్చి చూశారు. యోనాను మింగింది తిమింగలమని నేను ఢంకా బజాయించి చెప్పాను. అక్కడున్నది గొప్ప మత్స్యము. ఓడలోకి అన్నీ జతజతలుగానే ఎక్కాయని పాట కూడా నేర్పాను. ఆదికాండం ఏడో అధ్యాయం రెండో వచనంలో పవిత్ర జంతువులకు వేరే లెక్క ఉంది. వీటిలో ఏ ఒక్కటీ విశ్వాసాన్ని కూల్చేంత పెద్దది కాకపోవచ్చు. కాని పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లవాడికి ఒక్క ఆపిల్ దొరక్కపోతే, ఆ తర్వాత ఎర్ర సముద్రాన్నీ ఖాళీ సమాధినీ అదే అనుమానంతో చూస్తాడు. అలా వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను. వాళ్ల పేర్లు నా హాజరు పట్టీలో ఇంకా ఉన్నాయి.

వాస్తవం ఏమిటంటే, కథ చెప్పేవాళ్లకు కావలసిన రంగూ రుచీ మూలంలోనే దండిగా ఉన్నాయి, మనం వాటిని దాటేసి పోతుంటాం. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేనెడు అని మన తెలుగు బైబిల్లో ఉంది. మూర, జేన అనే మాటలు పూల దుకాణానికి వెళ్లే ఏ పిల్లకైనా తెలుసు, అయినా మనం దాన్ని అడుగుల్లోకి మార్చి బోర్డు మీద రాసి ఊరుకుంటాం. నేను పిల్లల చేతికి నూలు తాడు ఇచ్చి, గోడ మీద కొలవమంటాను. ఒకసారి రెండో తరగతి పిల్ల తన మూరతోనే కొలిచి, బల్లెక్కి గీత గీసి, “గింతేనా?” అని నిరాశపడింది, ఆమె గొల్యాతు ఏడడుగులు కూడా దాటలేదు. సంఘ పెద్ద ఒకరిని పిలిచి ఆయన మూరతో కొలిపించేసరికి తాడు దాదాపు పది అడుగులకు చేరి, దూలానికి తగిలింది. అప్పుడు పిల్లలందరూ ఆ గీత కింద ఒక్కొక్కరుగా నిలబడి తలెత్తి చూశారు. నేను ఒక్క మాటా కలపలేదు. దావీదు చేతిలోని వడిసెలను కూడా బొమ్మల్లో చూపక్కర లేదు, జొన్న చేల మీద పిట్టలను తోలిన తాతలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లే పేని చూపిస్తారు. యేసును చూడాలని జక్కయ్య ఎక్కింది మేడి చెట్టు. నోవహు ఓడ పొడుగు మూడు వందల మూరలంటే, కాజీపేట పిల్లలకు దాదాపు ఆరు రైలు పెట్టెలంత అని చెబితే చాలు, స్టేషన్‌లో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

ఇంకా లోతుకు పోవాలంటే యోసేపు కథ చూడాలి. ఆదికాండం ముప్పై ఏడో అధ్యాయంలో అన్నలు అతని నిలువుటంగీ ఊడదీసి, నీళ్లు లేని గుంటలో పడేసి, ఆ వెంటనే కూర్చుని భోజనం చేశారు. గుంటలో యోసేపు ఏమన్నాడో ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. అతను బతిమాలాడనీ, వాళ్లు విని కూడా విననట్టు ఉన్నారనీ మనకు తెలిసేది నలభై రెండో అధ్యాయంలో, ఇరవై ఏళ్లు దాటిన తర్వాత, ఐగుప్తులో ఆ అన్నలే ఒకరితో ఒకరు చెప్పుకున్నప్పుడు. ఈ సంగతి గమనించాక నేను ఆ కథ చెప్పే తీరే మారిపోయింది. గుంట ఘట్టంలో యోసేపు వేషం వేసిన పిల్లవాడి చేత అరిపించడం మానేశాను. అన్నలు రొట్టెలు తింటుంటారు, అతను కిందనుంచి నోరు కదుపుతాడు, శబ్దం రాదు. ఐగుప్తు ఘట్టంలో అన్నలు ఆ మాట ఒప్పుకునేటప్పుడు మాత్రం తెర వెనక నుంచి అతని గొంతు వినిపిస్తుంది. మొదటిసారి అలా వేసిన రోజు, వెనక బెంచీల్లో మాట్లాడుకుంటున్న తల్లులు కూడా మాటలాపేశారు.

మన సొంత ఊహ అసలే ఉండకూడదా అని కొందరు అడుగుతారు. ఉండవచ్చు, కాని అది ఊహ అని వినేవాళ్లకు తెలియాలి. నేను అనుసరించే పద్ధతి చాలా సులువైనది: కథ చెప్పేటప్పుడు బైబిలు చేతిలో తెరిచి ఉంటే చెబుతున్నది వాక్యం, మూసి గుండెకు ఆనించుకుంటే చెబుతున్నది నా ఊహ. ఐదేళ్ల పిల్లలు కూడా రెండు వారాల్లో దీన్ని పట్టేస్తారు, ఎప్పుడైనా నేను మరిచి తెరిచిన బైబిలుతోనే ఊహలోకి జారితే, “టీచర్, ముయ్యలే!” అని అరుస్తారు.

ఇక, మన జానపద కళల్లో బైబిలు కథ చెబితే అన్యాచారం అవుతుందన్న పుకారు. ఒక సంఘంలో, పేరు చెప్పను, మేము డోలుతో ఒగ్గుకథ వరుసలో, దావీదు రాజు తప్పును ఎత్తిచూపిన నాతాను ప్రవక్త కథ చెబుతుంటే మధ్యలో లేచి ఆపించారు. అంతకు ముందు రాత్రి ఎవరో పంపిన సందేశం చదివారట. పిల్లలు వాయిద్యాలు పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. మరి డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథెడ్రల్ చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారు మన నేల మీది గుడుల, మసీదుల పోకడలను కలిపి కట్టించారు. స్తంభాల మీద తామర పూలు, ఉమ్మెత్త పూలు కనిపిస్తాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి గారు మన రాగతాళాల్లో కట్టిన క్రైస్తవ కీర్తనలనే నేటికీ పాడుకుంటున్నాం. ఆ కీర్తనలు పాడుతూనే డోలు వద్దనేవాళ్లతో వాదించడం నేను మానుకున్నాను.

చేర్యాల నకాశి పటం మాత్రం ప్రతి టీచరూ ఒక్కసారైనా ప్రయత్నించాలి. మునుపు మన వరంగల్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన చేర్యాలలో, కులపురాణాలు చెప్పే కాకిపడగలవారు, కూనపులివారు వంటి కథకుల కోసం పొడవాటి బట్ట మీద ఘట్టం కింద ఘట్టంగా బొమ్మలు వేసి ఇస్తారు. కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చెబుతాడు. వాళ్లు నూలు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టిస్తారు. మేము పాత నూలు చీరకు చిక్కటి గంజి పట్టించి, ఎండబెట్టి, రెండు చివరలా కర్రలు కట్టి, బట్టంతా ఎర్ర రంగు పూసి పిల్లలకు ఇస్తాం. ఒక్కో ఘట్టాన్ని ఇద్దరు పిల్లలు వేస్తారు, దాని వెనక వైపు ఆ వచనం సంఖ్య రాయాలి. వచనం దొరకని బొమ్మకు చీరలో చోటు లేదు. ఈ ఒక్క నియమం వల్ల పిల్లలు బైబిల్లో ఎంత వెతుకుతారో, కంఠత వాక్యాల పోటీకి కూడా అంత వెతకరు.

మిగతా అపోహలకు ఎక్కువ చోటు అక్కర్లేదు. ఖరీదైన సామగ్రి కావాలన్నది అబద్ధం. పైన చెప్పిన చీర, తాడు, గంజి ఏ ఇంట్లోనైనా ఉంటాయి. కార్టూన్ వీడియో పెడితే చాలన్నదీ అబద్ధమే, వీడియోను మధ్యలో ఆపి “అట్లెందుకు చేసిండు?” అని పిల్లవాడు అడిగితే అది జవాబు చెప్పదు. పిల్లలు కుదురుగా కూర్చోరని బాధపడే టీచర్లు, కూర్చోబెట్టడం మానేసి కథలో ఏదో ఒక పని అప్పజెప్పి చూడాలి. గట్టిగా చెప్పలేను, నాకు నటన రాదు అని కుమిలిపోయే అమ్మాయిలకు ఒక మాట: నాకు తెలిసిన అందరిలో బాగా కథ చెప్పే టీచరుది చిన్న గొంతు, పిల్లలు ఆమె చుట్టూ దగ్గరగా జరుగుతారు.

చివరిగా, కథలు పిల్లలకే, పెద్దలకు ప్రసంగం కావాలని, కథ చెప్పినా చివర్లో నీతిని విడమరిచి చెప్పకపోతే పాఠం పూర్తి కాదని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. నాతాను కథ చెప్పింది పసివాడికి కాదు, రాజుకు. పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని విని దావీదు మండిపడి తీర్పు చెప్పేశాకే, “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. పెద్దల కూడికలో ఈ కథ చెప్పేటప్పుడు నేను ఆ మాటకు ముందు ఆగి, ఏ శిక్ష వేస్తారని వాళ్లను అడుగుతాను. మా పెద్దలు దావీదు కంటే కఠినులు.

కరీంనగర్ వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల కూడికకు వెళ్లినప్పుడు, పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ కథ చెప్పాను. ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూనే విన్నారు. ముగింపులో చెప్పవలసిన మూడు అంశాలు కాగితం మీద రాసుకుని సంచిలో పెట్టుకుపోయాను. నేను సంచిలో చెయ్యి పెట్టేలోగా ఒక పెద్దమ్మ, “దీపం ఎందుకు ముట్టిచ్చింది బిడ్డా?” అని అడిగింది. రాత్రయి ఉంటుందమ్మా అన్నాను. “కాదు. ఇంట్ల కిటికీ ఉండకపోవచ్చు. మా అమ్మగారిల్లు గట్లనే ఉండె, పట్టపగలు సుత బుడ్డి ముట్టిచ్చెటోళ్లం,” అంది. తర్వాత ఎవరూ అడగకుండానే, పెళ్లయిన కొత్తలో తన పుస్తెలతాడు గుండు ఒకటి తౌడులో పడిపోయిన సంగతి మొదలుపెట్టింది. అత్తకు చెప్పలేక రెండు దినాలు తౌడంతా జల్లెడ పట్టిందట, దొరికాక వాడకట్టందరికీ బెల్లం పంచిందట. ఎందుకు పంచుతున్నదో అత్తకు అప్పుడే తెలిసిందట. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. “దొరికినంక ఊకె ఉంటమా మరి? గా తల్లి సుత ఇరుగుపొరుగును పిలిచిందన్నవు గద,” అని నావైపు తిరిగి అడిగింది. పిలిచిందమ్మా అన్నాను. ఆ పక్కనున్న ఆమె తన పోయిన మేక సంగతి అందుకుంది, ఆ తర్వాత ఇంకొకామె దుబాయి పోయి ఆరేళ్లుగా జాడ లేని కొడుకు సంగతి ఎత్తి, సగంలో ఆగిపోయింది. ఆకు కత్తిరించే చేతులన్నీ అక్కడే నిలిచిపోయాయి. నేను బైబిలు తెరిచి, లూకా పదిహేనో అధ్యాయంలోనే ఆ తర్వాతి కథ మెల్లగా చదవడం మొదలుపెట్టాను. కాగితం సంచిలోనే ఉండిపోయింది.