అక్టోబరులో డెన్మార్క్: అపోహలు - వాస్తవాలు

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఇప్పుడు డెన్మార్క్ పోతే ఏముంటది, అంతా చలీ చీకటే కదా?" వ్యానులో ఎనిమిది మందిని ఎక్కించుకుని ఆ దేశపు ఊళ్లూ పల్లెలూ తిప్పడం నా పని. పదే పదే అడిగేవాటికి ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

అపోహ: శరత్కాలంలో అన్నీ మూసేస్తారు

అక్టోబరు మధ్యలో అక్కడి బడులకు వారం సెలవు. డేన్లు వారాలను నంబర్లతో పిలుస్తారు, ఇది 42వ వారం. ఒకప్పుడు పిల్లలు ఆలుగడ్డలు తవ్వడానికి పొలాలకు వెళ్లేవాళ్లు కాబట్టి 'కార్టోఫెల్‌ఫేరీ' అనే పాత పేరు ఇంకా వినిపిస్తుంది. ఆలుగడ్డల సెలవన్నమాట. ఆ వారం కోపెన్‌హేగన్‌లో 1843 నాటి టివోలీ పార్కు నిండా గుమ్మడికాయలే, మ్యూజియంలు పిల్లలతో కిటకిటలాడతాయి. అసలు మూతలు మొదలయ్యేది ఆ తర్వాతే. ఇక సోమవారం చాలా మ్యూజియంలు తెరవరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

అపోహ: చిన్న దేశం, మూడు రోజుల్లో చుట్టేయొచ్చు

తెలంగాణలో సగం కూడా ఉండదు, నిజమే. అయినా కోపెన్‌హేగన్ నుంచి ఉత్తరపు కొస స్కేగెన్‌కు రోడ్డు మీద ఐదు గంటలు దాటుతుంది. దారిలో స్టోరబెల్ట్ జలసంధి దాటడమే 18 కిలోమీటర్లు, టోలు వేరే.

ప్లాను వేసేటప్పుడు నేను దూరం తర్వాత చూస్తాను, ముందు సూర్యాస్తమయం ఎన్నింటికో చూస్తాను. అక్టోబరు మధ్యలో సాయంత్రం ఆరు దాటాక పొద్దు గుంకుతుంది. నెల చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఇక అక్కణ్నుంచి నాలుగున్నర దాటితే అంతే. ఒక ఏడాది సరిగ్గా ఆ ఆదివారమే మోన్స్ క్లింట్ పెట్టుకున్నాను. 128 మీటర్ల ఎత్తు సుద్దకొండలు, సముద్రతీరానికి దిగడానికి దాదాపు ఐదు వందల మెట్లు. నాలుగింటికి చేరాం. సగం మెట్లు దిగేసరికి అడవి నల్లబడిపోయింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మను ఫోను వెలుగులో పైకి తెచ్చేటప్పటికి నాకే చెమటలు పట్టాయి. తప్పు నాదే, గంట మార్పు మర్చిపోయాను.

చీకటి పడే వేళనే చూడాల్సిందీ ఒకటుంది. నైరుతిన జర్మనీ సరిహద్దు పక్కన టోండర్ చిత్తడినేలలకు సెప్టెంబరు, అక్టోబరుల్లో స్టార్లింగ్ పిట్టలు లక్షల్లో దిగుతాయి. మన గోరింకల కుటుంబమే. పొద్దుగూకే ముందు రెల్లు మీద గుంపులు గుంపులుగా కలుస్తాయి. డేగ ఒకటి పైనుంచి దూకితే ఆ గుంపు చింపిన గుడ్డలా విడిపోయి, మళ్లీ ముడి పడుతుంది. 'సోర్ట్ సోల్' అంటారు, నల్ల సూర్యుడు. తర్వాత అన్నీ ఒక్కసారిగా రెల్లులోకి జారిపోతాయి. ఆ క్షణం వాన కురిసినట్టు చప్పుడు. రాత్రికి దగ్గర్లోని రీబెలో ఉండండి, డెన్మార్క్‌లో అన్నిటికన్నా పాత పట్టణం అది.

అపోహ: చలికి తట్టుకోలేం

పగలు పది డిగ్రీలు అటూ ఇటూ. స్వెటరుకు లొంగే చలి అది. లొంగనిది గాలి. పడమటి తీరంలో గొడుగు తెరిస్తే పుల్లలే మిగులుతాయి. టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి, గొడుగు ఇంట్లో పెట్టి రండి. ఆ గాలీ సముద్రమూ ఎంత మొండివో రూబ్యెర్ క్నూదె దీపస్తంభాన్ని (లైట్‌హౌస్) అడగాలి: 1900లో వెలిగింది, చుట్టూ ఇసుక మేటలు వేసింది, ఒడ్డు గట్టు కోసుకుపోయింది. చివరికి 2019 అక్టోబరులో దాన్ని పట్టాల మీద 70 మీటర్లు వెనక్కి జరిపారు.

అపోహ: ఖాళీ రోడ్లు, డ్రైవింగు హాయి

పల్లెల్లో హాయే. ఊళ్లో కుడికి తిరిగేటప్పుడు మాత్రం భుజం మీదుగా వెనక్కి చూడాలి. సైకిలు లేనులో తిన్నగా వచ్చేవాళ్లదే ముందు హక్కు, వాళ్లు ఆగరు. రోడ్డు మీద తెల్ల త్రికోణాల వరుస కనిపిస్తే మీరే ఆగి దారివ్వాలి, 'షార్కు పళ్లు' అంటారు వాటిని. పట్టపగలు కూడా లైట్లు వేసే ఉండాలి. పార్కింగు ఉచితమని బోర్డున్నా, గంటల పరిమితి ఉన్నచోట కారు ముందు అద్దం లోపల, గడియారం ముఖంలాంటి నీలం పార్కింగు డిస్కులో మీరు వచ్చిన టైము పెట్టాలి. పెట్టకపోతే కొన్ని వందల క్రోన్లు చలానా. యూరోలు కాదు, అక్కడ క్రోన్లే.

అపోహ: కార్డు ఉంటే చాలు, నాణేలెందుకు?

పట్టణాల్లో చాలు. పల్లె దారిలో ఇళ్ల ముందు చెక్క బల్లల మీద గుమ్మడికాయలు, ఆపిళ్లు, తేనె సీసాలు పెడతారు. అమ్మే మనిషి ఉండడు, ఒక చిన్న డబ్బా ఉంటుంది. పక్కన ఫోనుతో డబ్బు పంపే మొబైల్‌పే నంబరు కూడా రాసి ఉంటుంది కానీ, అది మన బ్యాంకు ఖాతాలతో నడవదు. మనకు డబ్బానే దిక్కు. అందుకే ప్రతి ట్రిప్పుకూ పది, ఇరవై క్రోన్ల నాణేలు ఒక సంచిలో వేసుకుంటాను.

అపోహ: సముద్రపు ఒడ్డు సెలవుల ఇల్లు హోటలు కన్నా చవక

శనివారం నుంచి శనివారం తీసుకుంటే చవకే కావచ్చు. కానీ కరెంటు చాలాసార్లు విడిగా, మీటరు లెక్కన. వేడి కోసం హీటర్లన్నీ తిప్పి వదిలేస్తే వారం తర్వాత బిల్లు చూసి ఉలిక్కిపడతారు. దిగగానే మీటరు ఫొటో తీయండి, కట్టెల పొయ్యి ఉంటే వాడండి. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిశాయో లేదో ముందే అడగండి.

అపోహ: శాకాహారులు పస్తే

రై రొట్టె మీద ఉడికించిన ఆలుగడ్డ చక్రాలు, పైన వేయించిన ఉల్లిపాయ, మయొనైజు: 'కార్టోఫెల్‌మాద్'. కడుపు నిండుతుంది. మయొనైజులో గుడ్డు ఉంటుంది, తినని వాళ్లు వద్దని చెప్పాలి. 'డేనిష్ పేస్ట్రీ' కావాలంటే మాత్రం బేకరీలో 'వీనర్‌బ్రోడ్' అని అడగండి. వాళ్ల దృష్టిలో అది వియన్నా రొట్టె.